ముందు గదిలో బంతి నారు

జనగామలో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు తెలుగు చెప్పే రోజులవి. రోజూ సాయంత్రం లింగాల ఘనపూర్‌కు ఆటోలో తిరిగి వచ్చేదాన్ని. ఆ డిసెంబరులో ఒకరోజు మలుపు దగ్గర బర్రెలు అడ్డం వచ్చాయి. డ్రైవరు తప్పించబోయాడు, ఆటో పల్టీ కొట్టింది. మిగతావాళ్లు గీతలతో బయటపడ్డారు. నాకు మాత్రం కుడికాలు మోకాలి కింద విరిగింది. దవాఖానలో రాడ్డు వేశారు. కొన్ని వారాలు కాలు కింద మోపవద్దని, ఆ తర్వాత వాకర్ పట్టుకుని మెల్లగా నడవడం మొదలుపెట్టాలని చెప్పి ఇంటికి పంపారు.

మా ఆయన ఇళ్లకు రంగులు వేస్తాడు. అప్పుడు భూపాలపల్లిలో పని దొరికి అక్కడే ఉంటున్నాడు, ఆదివారాలకు మాత్రం వచ్చేవాడు. ఇంట్లో నేనూ, మా అత్తమ్మా. ఆమె పత్తి ఏరడానికి కూలికి పోయేది. పొద్దున్నే నాకు స్నానం చేయించి, అన్నం, నీళ్లు, గోలీలు ముందు గదిలో నా మంచం పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లేది.

"పరేషాన్ గాకు బిడ్డా. పండుకో. పని యాడికి పోతది" అనేది.

నాకు పడుకోవడం చేతకాదు. పెద్దవాళ్ల చేత నీళ్లు పోయించుకోవడం అంతకన్నా చేతకాదు. బడిలో నా తరగతికి వేరే టీచరు వచ్చిందని తెలిసిన రోజు గోడవైపు తిరిగి పడుకున్నాను. 

మా ప్రార్థన మందిరం ఇంటికి దగ్గరే. క్రిస్మస్ పాటలు మంచం మీద నుంచే విన్నాను. ఆరాధన అయ్యాక అత్తమ్మ కేకు ముక్క తెచ్చి నా చేతిలో పెట్టి, చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ కూర్చుంది.

"మందిరంల బల్ల మీద మల్ల గవే ప్లాస్టిక్ పువ్వులు. దుమ్ము దులిపి పెట్టిండ్రు. వాసన లేదు, ఏం లేదు. దేవుని ముందట గట్లనేనా పెట్టేది?"

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. మర్నాడు ఎదురింటి అక్క నన్ను చూడడానికి వచ్చింది. ఆమె తలుపు తీసినప్పుడు వాళ్ల గుమ్మం కనిపించింది. దసరాకు కట్టిన బంతిపూల తోరణం ఎండి గోధుమరంగుకు తిరిగి ఇంకా వేలాడుతోంది.

"అక్కా, ఆ తోరణం నాకిస్తవా?" అన్నాను.

"ఎండిపోయింది గదనే. పారేద్దామనుకుంటున్న. నీకెందుకు?"

"అండ్ల ఇత్తులుంటయి గదా."

ఆమె నవ్వి, వెళ్లి తోరణం తెంపి కొంగులో వేసుకొచ్చి నా మంచం మీద కుమ్మరించింది. ఆ మధ్యాహ్నమంతా పాత పేపరు పరుచుకుని ఒక్కొక్క పువ్వూ విప్పాను. సూదుల్లాంటి నల్లటి గింజలు, చివర తెల్లటి తోకలు. చాలావరకు తాలు. గట్టిగా ఉన్నవాటిని మాత్రం ఏరి ఒక గిన్నెలో వేశాను. ప్రమాదం జరిగాక మొదటిసారి పొద్దు ఎలా గడిచిందో తెలియలేదు.

కూలి నుంచి వచ్చిన అత్తమ్మ గిన్నెలోకి చూసింది.

"బంతి తొలకరికి పోస్తరు. గీ చలిల మొలుస్తదా?"

"బయట మొలవది. ఇంట్ల వెచ్చగ పెడితే మొలుస్తది. ఈస్టర్ నాటికి పూస్తది అత్తమ్మా. మన బల్ల మీదికి."

  మర్నాడు సాయంత్రం ఆమె నెత్తి మీద సంచితో వచ్చింది. అందులో చెరువు మట్టి, పాత పెంట ఎరువు, ఇసుక ఉన్నాయి. చాయ్ హోటల్ దగ్గర అడిగి వాడేసిన కాగితపు కప్పులు కూడా తెచ్చింది. కప్పుల అడుగున చీలతో చిల్లులు పొడిచి, మట్టి కలిపి నింపి, పళ్లేల్లో పేర్చుకున్నాను. బంతితో పాటు వంటింట్లోని టమాటాలను పిండి తీసిన గింజలూ, ఎదురింటి అక్క ఇచ్చిన వంకాయ విత్తనాలూ పెట్టాను. నీళ్లు కాచే పొయ్యి గోడకు అవతలే ఉంటుంది కాబట్టి ఆ గోడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. పళ్లేలను దానికి ఆనించి, పైన పాలిథిన్ కవరు కప్పించాను.

కొన్నాళ్లు ఏమీ కనబడలేదు. పొద్దున లేవగానే మంచం మీద నుంచి వంగి కవరు ఎత్తి చూసేదాన్ని. అత్తమ్మ అన్నం వండుతూ అక్కడి నుంచే అడిగేది, "వచ్చినయా?" అని. ఒక పొద్దున నేను కేకేసి పిలిస్తే ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మట్టిని పగలదీసుకుని బంతి మొలకలు లేచి ఉన్నాయి. కొన్ని ఇంకా గింజ తొడుగును నెత్తిన మోస్తున్నాయి. ఇద్దరం తలలు దగ్గర పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయాం. పొయ్యి మీద అన్నం అడుగంటింది.

సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. గదిలో వెలుగు చాలక మొలకలు దారపు పోగుల్లా సాగి కిటికీ వైపు వంగిపోయాయి. నేనేమో ప్రేమకొద్దీ నీళ్లు ఎక్కువ పోశాను. కొన్ని మొదలు దగ్గర మెత్తబడి పడిపోయాయి. వాటికి ఎండ కావాలి. ఎండ అరుగు మీద ఉంది. అత్తమ్మ పొలంలో ఉంది.

అప్పటికి దవాఖానలో నడవమని చెప్పి కొన్ని రోజులైంది. వాకర్ మంచం పక్కనే ఉన్నా, భయంతో నేను దాన్ని ముట్టుకోలేదు. ఆ పొద్దున దాన్ని దగ్గరికి లాక్కున్నాను. లేచి నిలబడ్డాను. బరువంతా ఎడమకాలి మీదే వేశాను. రెండు చేతులూ వాకర్ మీదే ఉంటే పళ్లెం ఎట్లా మోయాలి? కూరగాయల గుడ్డసంచిని వాకర్‌కు ముందు కట్టి, కొన్ని కప్పులు అందులో నిలబెట్టాను. అడుగు వేసి ఆగాను, మళ్లీ అడుగు వేశాను. గడప దగ్గర చాలాసేపు నిలబడ్డాను. దాటాక అరుగు మీద కూర్చుని కప్పులు ఎండలో పేర్చి, మిగతావాటి కోసం మళ్లీ లోపలికి వెళ్లాను. అన్నీ బయటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. చేతులు పీకుతున్నాయి. కానీ అంత హాయిగా నేను ఏ రోజూ కూర్చోలేదు.

సాయంత్రం అత్తమ్మ వచ్చి అరుగు ముందు ఆగిపోయింది.

"ఎవరు పెట్టిండ్రు ఇవి?"

"నేనే."

"నువ్వెట్ల పెట్టినవ్?"

వాకర్‌కు కట్టిన సంచి చూపించాను. ఆమె లోపలికి రాలేదు. అట్లనే వెనక్కి తిరిగి ఎదురింటి గుమ్మంలోకి వెళ్లి, "ఓ బిడ్డా, జర ఇటు రా. మా కోడలు నడిచింది" అని పిలిచింది. నన్ను మళ్లీ ఒకసారి నడిపించి ఆ అక్కకు చూపించింది.

ఆ రోజు నుంచి పొద్దున నారును బయటికి తేవడం, సాయంత్రం లోపలికి తీసుకుపోవడం నా పని అయింది. ఒకరోజు కోతుల గుంపు దిగి టమాట నారు సగం పీకి పారేసింది. నేను వాకర్‌ను అరుగు మీద టకటక కొడుతూ అరుస్తుంటే, పెద్ద కోతి ఒకటి దూరంగా కూర్చుని నన్నే చూసింది. బంతి వాసన వాటికి నచ్చలేదేమో, ఆ కప్పుల జోలికి రాలేదు. మిగిలిన టమాటనూ వంకాయనూ పెరట్లో ముళ్లకంప చాటున పెట్టాం.

చలి తగ్గాక ఒక ఆదివారం ఆరాధన అయిన తర్వాత బంతి నారు మందిరం ప్రహరీ వెంట నాటాం. మా ఆయన గడ్డపారతో గుంతలు తీశాడు. సంఘంలోని ఆడవాళ్లు తలా ఒక కప్పు పట్టుకున్నారు. నేను కుర్చీలో కూర్చుని కప్పులు చించి మట్టిపెళ్లతో సహా మొక్కలు అందించాను. ఎదురింటి అక్క వాళ్ల బోరు నుంచి పైపు వేసి, ఎండాకాలం ముదిరినా నీళ్లు ఆపలేదు.

ఈస్టర్ దగ్గరపడుతుంటే నాకు నిద్ర పట్టేది కాదు. మొక్కలు గుబురుగా పెరిగాయి గానీ అన్నీ మొగ్గలే. ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు ఒకటి రెండు విచ్చాయి. ఆ వారంలో ఎండ మండిపోయింది. మొగ్గలు ఒకదాని వెంట ఒకటి తెరుచుకున్నాయి. పండుగ తెల్లవారుజామున నేను, అత్తమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పూలు కోస్తే రెండు గంపలు నిండాయి. బల్ల మీద పరిచి, గుమ్మానికి తోరణం కట్టి, ఇంకా మిగిలితే పిల్లల చేతుల్లో పెట్టాం. ఆ ప్లాస్టిక్ పువ్వులను ఎవరు ఎప్పుడు తీసేశారో నేను గమనించలేదు.

నేను చేతికర్రతో నడిచి వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. పాటల తర్వాత, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని పాస్టరు అయ్యగారు అడిగారు. మా అత్తమ్మ లేచింది. ఎన్నో ఏళ్లుగా మందిరానికి వస్తున్నా ఆమె ఒక్కసారి కూడా అట్లా లేవలేదు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని నేల చూస్తూ మాట్లాడింది.

"నాకు మాట్లాడ రాదు. మా కోడలు కాలు ఇరిగి పండుకున్నది. పండుకున్నదే గని ఊకె ఉండలే. ఇల్లంత మట్టి చేసింది. ఇదేం పని అని నేను మనసుల అనుకున్న. గీ పువ్వులు గా మట్టిల మొలిసినయే. పిల్లను నడిపించింది దేవుడే, గని అది కూడ లేసింది. ఇది నా కోడలని నలుగుట్ల చెప్పుకోవాలని లేసిన. అంతే."

కూర్చుంది. నా వైపు చూడలేదు. నేను కూడా తల ఎత్తలేకపోయాను. సిగ్గుతో కాదు. అంత గర్వాన్ని ముఖం మీద ఎట్లా పెట్టుకోవాలో తెలియక. పక్కన కూర్చున్న ఎవరిదో చెయ్యి నా భుజం మీద పడింది.

ఆ మధ్యాహ్నం భోజనాల్లో మా పెరటి వంకాయలు, టమాటలు కలిపి వండిన కూర పెద్ద డేగిసాలో వచ్చి క్షణాల్లో అయిపోయింది. జూన్‌లో నేను మళ్లీ బడికి పోయాను.

ఇప్పుడు మా ముందు గదిలో వెచ్చటి గోడ వెంట మా ఆయన పాత ఇనుప అరలు బిగించాడు. చలికాలం వచ్చిందంటే అవి నిండిపోతాయి. ఊళ్లో నారు కావలసినవాళ్లు మా ఇంటికే వస్తారు. వాళ్లు చెప్పులు విప్పి లోపలికి అడుగు పెట్టకముందే మా అత్తమ్మ గొంతు వినిపిస్తుంది.

"జర కింద చూసి నడువుండ్రి. మా కోడలు నారు పోసింది."