నీలం మూత డబ్బా

బస్సు కండక్టరే అయినా అతన్ని డిపోలో అందరూ డబ్బాల బాబాయి అంటారు. జీతం అందిన సాయంత్రం యూనిఫాం కూడా మార్చకుండా వంటింటి గట్టు మీద డబ్బాలు వరసగా పెట్టుకుంటాడు. ఎర్ర మూత అద్దెకి, పచ్చ మూత సరుకులకి, తెల్ల మూత మందులకి, నీలం మూత ఎప్పటికైనా సముద్రం చూసి రావడానికి. టికెట్లు చింపి చింపి మొద్దుబారిన వేళ్లతో నోట్లు నిలువుగా మడిచి లోపల పెడతాడు. ఒక డబ్బాలోది ఇంకో డబ్బాకి పోకూడదు. అప్పుల్లో పడ్డ తోటివాళ్లకి డ్యూటీ దిగాక ఈ పద్ధతే నేర్పుతాడు. కొందరు బాగుపడ్డారు కూడా.

మొన్న వానాకాలంలో భార్యకి ముందుపన్ను పుచ్చి నొప్పి మొదలైంది. అప్పటికి తెల్ల మూత డబ్బా ఖాళీ. "నీలం దాంట్లోంచి తియ్యండి, మళ్లీ వేసుకుందాం" అందామె. "ఒకసారి చెయ్యి అలవాటు పడితే ఇక ఆగదు. జీతం వచ్చేదాకా ఓర్చుకో" అన్నాడు నెమ్మదిగా, ఉప్పునీళ్లు కాచి చేతికిస్తూ. ఆమె ఓర్చుకుంది. జీతం వచ్చేసరికి పూడ్చడానికి పన్నులో ఏం మిగల్లేదని డాక్టరు పీకేశాడు. పీకడం చవక. పంటికని ఏ డబ్బాలోనూ వెయ్యకుండా జీతంలోంచి విడిగా తీసినదాంట్లో మిగిలింది నీలం డబ్బాలో పడింది. కట్టుడు పన్నుకి డబ్బా లేదు.

అనుకున్నదానికంటే ముందే సముద్రానికి వెళ్లారు. అలల ముందు ఆమెని నిలబెట్టి, ఫోను ఎత్తి, నవ్వమన్నాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"చెయ్యి తియ్యవే."

"అలవాటు పడిపోయిందండీ" అందామె.