చంద్రవ్వ ఆవలింత

ఊళ్ల చరిత్రలు రాజులతో మొదలవుతాయి. మెట్‌పల్లి పక్కనున్న ఈ ఊరి చరిత్ర చంద్రవ్వ ఆవలింతతో మొదలవుతుంది. పెద్దమ్మ పండుగనాడు డప్పుల నడుమ ఆమె ఆవలించిందంటే శిగమొచ్చినట్టే, అమ్మవారు ఒంటి మీదికి దిగినట్టే. ఆపైన ఆ నోట వచ్చేది అమ్మ మాట. వానలు ఎప్పుడు పడతాయో, బోరు ఎక్కడ వేయాలో, ఎవరి బర్రె ఎందుకు చచ్చిందో ఆ నోటినే అడగాలి. మామూలు రోజుల్లో బీడీలు చుడుతూ నిద్రమత్తుకు ఆవలించినా పక్కనున్న ఆడవాళ్లు ఒళ్లోని చాటలు దించి దండం పెట్టేవాళ్లు.

"నిద్రొస్తుందే. మీ పని మీరు చేస్కోండ్రి," అనేది చంద్రవ్వ.

ఆ చంద్రవ్వకు రొమ్ములో గడ్డ లేచింది. డాక్టరమ్మ చూసి, కరీంనగర్ పోయి కోయించుకో, ఆలస్యం చేయకు అంది. భర్త అంతయ్య కాదనలేదు. పర్శరాములును ఒక మాట అడుగుదామన్నాడు. అమ్మ పలికినదానికి అర్థం చెప్పే ఊరిపెద్ద పర్శరాములు. ఆ అర్థం అమ్మకన్నా ఆయనకే బాగా తెలుసని ఊరి నమ్మకం.

"శిగమూగే పెయ్యి, అమ్మ దిగే ఒళ్లు. కత్తి పడితే అమ్మ మళ్ల అండ్ల కాలు వెడ్తదా? జర ఆగుండ్రి, పసుపు రాయుండ్రి," అన్నాడాయన.

"పెయ్యి నాది గదా మామా," అంది చంద్రవ్వ.

"నీదెట్లయితది బిడ్డా? ఊరిది."

తన మాట వినని ఊరు అమ్మ మాటైనా వినకపోతుందా అనుకుంది చంద్రవ్వ. పండుగనాడు అమ్మే వచ్చిందో, తానే ఆవలించిందో ఆమెకూ సరిగ్గా తెలియదు. డప్పులు ఆగాయి.

"చంద్రవ్వను దవాఖానకు తోల్కపోండ్రి. కత్తంటె నాకు బుగులు లేదు."

అందరూ పర్శరాములు వైపు చూశారు. ఆయన కళ్లు మూసుకుని అర్థం చెప్పాడు.

"అమ్మ మన భక్తిని పరీక్ష చేస్తుంది. మనం ఇడువద్దు."

"గంతే, గంతే," అన్నారు జనం. అంతయ్య కూడా తలూపాడు.

కొన్నాళ్లకు చంద్రవ్వ ఒక్కతే సంచి పట్టుకుని బస్సు దగ్గరికి నడిచింది. చూసినవాళ్లు కాళ్ల మీద పడ్డారు. "మమ్ముల ఇడిచి పోకు తల్లీ," అని ఏడ్చారు. ఆ ఏడుపులో కల్తీ లేదు. పాదాల మీద పసుపునీళ్లు పోసి, డప్పు కొట్టుకుంటూ ఇంటికి మళ్లించారు. డ్రైవరు కాసేపు చూసి బస్సు కదిలించాడు.

చలికాలం దాటకముందే చంద్రవ్వ పోయింది. అంత జనం ఏ సర్పంచు చావుకూ రాలేదు.

మరుసటి ఏడు పండుగలో శిగం ఎవరికీ రాలేదు. వానలు వేళకే పడ్డాయి.