మొండివేలు లేని అందగాడు

వడ్రంగి అసలు పేరు కాగితాల్లోనే ఉండిపోయింది. వినపడనివాళ్లందరికీ అతను మొండివేలు. కుర్రతనంలో రంపం అతని కుడి చూపుడువేలును సగానికి తినేసింది. మిగిలిన ముక్క ముడుచుకోదు, ఎప్పుడూ నిక్కబొడుచుకునే ఉంటుంది. 'రెండు' అని చెప్పాలంటే దాని పక్కనున్న రెండు వేళ్లూ ఎత్తుతాడు. మొండిని ఎవరూ లెక్కపెట్టరు. అతని భార్యకూ పుట్టుకతో వినపడదు. ఆ చేతుల మాటలు చూసే ఆమె ఒకప్పుడు మనసు పారేసుకుంది.

కిందటేడు కంప్యూటర్ బొమ్మలు చేసే కంపెనీవాళ్లు అతని చేతులకు తెల్ల చుక్కలు అంటించి, నాలుగు రోజులు సైగలు చేయించుకున్నారు. ఇప్పుడు ఆసుపత్రి తెర మీద ఒక బొమ్మ మనిషి నిలబడి, వినపడనివాళ్లకు ఏ గదికి వెళ్లాలో సైగలతో చెబుతున్నాడు. కదలికంతా వడ్రంగిదే. ఒళ్లు మాత్రం పాతికేళ్ల కుర్రాడిది. ఒత్తయిన జుట్టు, నలగని చొక్కా, పది వేళ్లూ నిండుగా.

బీపీ చూపించుకుని వచ్చిన భార్య చేతులు ఆగలేదు.

"అచ్చం నువ్వేనయ్యా! మొదలుపెట్టేముందు భుజం అలా ఎగరేస్తాడు, పెళ్లినాటి నిన్ను చూసినట్టే ఉంది. పైగా నా మొహంలోకి చూసి చెబుతాడు. నువ్వేమో తలుపు చిత్రిక పడుతూ సగం మాట మింగేస్తావు."

వడ్రంగికి ఒళ్లు మండింది. తన చేతులు తీసుకుని తన పెళ్లాన్నే బుట్టలో వేస్తున్నాడు, వెధవ!

మళ్లీసారి ఆమె తల దువ్వుకోవడానికి పట్టిన సేపు చూసి, అతనూ చెప్పులేసుకున్నాడు.

"బీపీ నాకైతే నువ్వెందుకు?"

"నీ కుర్రాణ్ణి పలకరించి వద్దామని."

తెర ముందు ఆమె మొహం వెలిగిపోయింది. అతను ఆ మొహాన్నే చూస్తూ నిలబడ్డాడు, తెర వైపు తల తిప్పలేదు. అంతలో వాళ్లలాగే వినపడని దర్జీ రుసరుసలాడుతూ ఎదురొచ్చాడు.

"నీ బొమ్మ మాట నమ్మి మూడో గదికెళ్లాను. పళ్ల డాక్టరు! బీపీ చూడమంటే నోరు తెరవమంటాడు. మనవాళ్లందరికీ ఇదే గతి!"

అప్పుడు చూశాడు వడ్రంగి తెరను. బొమ్మ అతనిలాగే రెండు వేళ్లు ఎత్తింది. కంపెనీవాళ్లు పొడుగ్గా అతికించిన చూపుడువేలు కూడా వాటి పక్కన నిలబడింది. రెండు కాస్తా మూడైంది.

అతని కడుపు చల్లబడింది. అందగాడికి రెండంటే ఎన్నో తెలీదు! భార్యకు చూపిద్దామని తిరిగితే ఆమె లేదు. పళ్ల డాక్టరు గదిలోకి తొంగి చూశాడు. అక్కడా లేదు. రెండో గది ముందు వరసలో కుదురుగా కూర్చుని ఉంది.

"ఇక్కడికెలా వచ్చావే?"

"రెండో గదన్నాడుగా."

"మూడు వేళ్లు చూపించాడు!"

ఆమె అతని మొండివేలును పట్టుకుని పక్కకు వంచి, వదిలేసింది.

"దీన్ని నేనెప్పుడు లెక్కపెట్టానయ్యా?"

వడ్రంగి ఆమె పక్కనే కూర్చున్నాడు. తర్వాత ఉండబట్టలేక అడిగాడు.

"జుట్టు బాగుంటుంది కదూ వాడికి?"

"చాలా," అంది ఆమె, క్షణం తడుముకోకుండా.

వెళ్లేముందు అతను కౌంటరులో కాగితం అడిగి తీసుకుని కంపెనీవాళ్లకు రాసిచ్చాడు: 'మీ బొమ్మ అంకెలు తప్పు చెబుతోంది. చూపుడువేలు సగానికి కోసేయండి. పనిలో పనిగా జుట్టు కూడా.'