తెలుగులో చెప్పని నేరం

మా ఆయన బిలాస్‌పూర్ స్టేషన్ పార్శిల్ ఆఫీసులో మూటలు మోసే పని చేసేవాడు. ఎనభైల్లో ఒక పొద్దున డ్యూటీలో ఉండగానే పట్టుకుపోయారు. కలకత్తా నుంచి వచ్చిన పెట్టెలో బంగారం బిళ్ళలు దొరికాయట, ఆ పెట్టె దించింది ఆయనట. కేసు పెట్టి కోర్టులో నిలబెడతారనుకున్నాను. అలా చెయ్యలేదు. ఇకముందు స్మగ్లింగు చేస్తాడేమోనని మనిషిని ముందే పట్టి ఉంచే చట్టం ఒకటుందట. దాని కింద విచారణ లేకుండానే ఏడాది దాకా ఉంచవచ్చట. ఆయన్ని రాయపూర్ జైలుకి పంపేశారు.

మొదటిసారి ములాఖాత్‌కి వెళ్ళినప్పుడు ఇనప జాలీ అవతల నుంచి ఆయన నా ఒంట్లో ఎలా ఉందని కూడా అడగలేదు.

"నానేటి సేసినానని రాసినారే?" అన్నాడు.

నాకేం తెలుసు? ఆయనకి ఇచ్చిన కాగితాల కట్ట ఇంగ్లీషులో ఉంది. ఒక ఆఫీసరు హిందీలో గబగబా ఏదో చెప్పి, జవాబు రాసి పంపుకోవచ్చని కూడా అని, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడట. నేరమేమిటో తెలియకుండా జవాబేమని రాస్తాడు? శ్రీకాకుళం వైపు మా ఊళ్ళో అయిదో తరగతి దాకా చదివాడు. తెలుగైతే కూడబలుక్కుని చదవగలడు. హిందీ మాట్లాడతాడు గాని చదవలేడు. నాకైతే అప్పటికి ఏ భాషలోనూ అక్షరం రాదు. ఏభై దాటాక నేర్చుకున్నదాన్ని.

బిలాస్‌పూర్‌లో మేముండే తార్‌బహార్ పేటలో, మా పక్కవాటాలో ఉండే రిటైర్డు రైలు గార్డు బాబు తెలుగాయనే. ఆ కాగితాలు తెలుగులో ఇప్పించమని మా తరఫున సర్కారుకి రాసిపెట్టాడు. చాన్నాళ్ళకి జవాబొచ్చింది. మనిషి ఇంగ్లీషులో సంతకం పెట్టాడు కాబట్టి ఇంగ్లీషు వచ్చినట్టేనట, తెలుగు నకలు అక్కర్లేదట.

అప్పట్లో మా హైకోర్టు జబల్‌పూర్‌లో ఉండేది. గార్డు బాబు తోడురాగా వెళ్ళి వకీలు ముందు కూర్చున్నాను. మా ఆయన దొంగ కాదని రుజువు చెయ్యమని అడిగాను.

"దొంగా కాదా అన్నది ఈ కోర్టు చూడదు బాయీ," అన్నాడాయన హిందీలో. "నేరమేమిటో నీ మనిషికి అర్థమయ్యేలా చెప్పారా, జవాబు చెప్పుకోనిచ్చారా, అంతే చూస్తుంది."

నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చింది ఇందుకా అనిపించింది. మా ఆయన మంచివాడని ఎవరూ అనరా అని గట్టిగానే అడిగాను. ముందు బయటికి రానిమ్మనీ, లోపలున్నవాడి మంచితనం ఎవరికీ వినపడదనీ అన్నాడు. తర్వాత సర్కారు జవాబూ, మా ఆయన చేత సంతకం పెట్టించుకున్న కాగితమూ నా ముందు పెట్టి, సంతకం ఆయనదేనా అని అడిగాడు. ఆయనదేనన్నాను. అయితే ఇంగ్లీషు రాదని ఎలా చెప్పమంటావన్నాడు.

నాకు నవ్వొచ్చింది. పార్శిల్ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి పాత క్లర్కు ఒకాయన పెట్టె మూత మీద సుద్దముక్కతో పేరు ఇంగ్లీషులో రాసి దిద్దించేవాడు. జీతం రోజున వేలిముద్ర వేస్తే క్యాషియర్ ఎగతాళి చేసేవాడని అందరూ పట్టుబట్టి దిద్దేవారు. మా ఇళ్ళ లైనులో మగాళ్ళంతా ఇంగ్లీషు సంతకమే. చదవమంటే ఒక్కరికీ రాదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఈయన గచ్చు మీద దిద్దుతుంటే చూసి, మర్నాడు వాకిట్లో అదే ముగ్గు వేశాను. లైనంతా చూసి నవ్వారు.

ఇది చెప్పి, వకీలు కలం తీసుకుని ఆ సంతకం ఒక తెల్లకాగితం మీద గీశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఇది ఇంకెక్కడా చెయ్యకు బాయీ. నిన్నూ లోపలేస్తారు."

పిటిషను నా పేరు మీదే వేశారు. కింద నా వేలిముద్ర.

విచారణ రోజు గార్డు బాబు నా పక్కన కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెప్పాడు. సర్కారు వకీలు సంతకం చూపించాడు. మా వకీలు లేచి, వేలిముద్ర వేసిన ఈమె కూడా ఆ సంతకం గీయగలదు, ఇక్కడే ఉంది, చూస్తారా అన్నాడు. నేను కొంగు దోపుకుని లేచి నిలబడ్డాను. జడ్జి నావైపు చూసి, అవసరం లేదు, కూర్చోమన్నాడు. నాకు చిన్నతనమనిపించింది.

జడ్జి సర్కారు వకీలుని ఒకటే అడిగాడు: "తెలుగు నకలేదీ?"

ఆయన కాగితాలు తిరగేశాడు, వెనకనున్న ఆఫీసరు వైపు తిరిగాడు. ఆఫీసరు లేచి, అంతా హిందీలో నోటితో చెప్పామన్నాడు. అంత కట్టని ఒక్కసారి నోటితో చెబితే మనిషి దేనికని జవాబు రాసుకుంటాడని జడ్జి అడిగాడు. తర్వాత జడ్జి ఏదో చెబుతుంటే గార్డు బాబు తెలుగు చెప్పడం మానేసి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"ఏటన్నారు బాబూ?"

"పచ్చజెండా ఊపీసినారమ్మా. ఒగ్గీమన్నారు."

రాయపూర్ నుంచి ఆయన్ని తీసుకుని పాసింజర్లో వచ్చి బిలాస్‌పూర్‌లో దిగేసరికి పార్శిల్ ఆఫీసంతా ప్లాట్‌ఫారం మీదే ఉంది. మూటలు లాగే బండి తెచ్చి ఆయన్ని దాని మీద కూర్చోబెట్టారు. వద్దంటే వినలేదు. ఈ పార్శిలు చేర్చే పూచీ మాదేనని ఒకడు కేకేశాడు. మా లైను ఆవిడ ఒకామె నా పక్కకి చేరింది.

"దొంగ కాదని మాత్రం కోర్టు అన్లేదట గదా వొదినా?"

వకీలు ముందు నేను కోప్పడిందీ ఈ మాటకే. ఇప్పుడు కోపం రాలేదు.

"దొంగని కూడా అన్లేదమ్మా. ఏటి సేసినాడో తెలిసేలా సెప్పకుండా మనిసిని మూసిపెట్టకూడదంది. రేపు నీ మొగుడికైనా అంతే."

బండి మీద నుంచి ఆయన విన్నాడు.

"కోర్టులో కేసెడితే ఎట్టనీయే," అన్నాడు. "ఈపాలి నా మాట నాను సెప్పుకుంతాను."

బండి తోసేవాళ్ళు తప్పుకోండి తప్పుకోండని అరుస్తున్నారు. నేను ముందు నడిచాను.