పెదవి కలవని మాటలు

ఫిలింనగర్ స్టూడియోలో ఆ రోజు హీరోయిన్ తల్లి పాత్రకు ఏడుస్తున్నాను. టేకుల మధ్య వేడి టీ గుక్క తాగానో లేదో, పైదవడ కుడిపక్క పన్ను జివ్వుమంది. ఆ తర్వాతి టేకులో ఏడుపు బ్రహ్మాండంగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. కుదరదా మరి!

నాది డబ్బింగ్. తెరమీద మనిషి పెదవులు కలిసినచోట నా నోట ప, బ, మ లాంటి శబ్దం పడాలి. లేకపోతే మాట అతకదు.

మధురానగర్‌లో మా ఇంటిదగ్గర డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, "పంటి లోపలి గుజ్జు, అదే పల్ప్, ఇన్ఫెక్ట్ అయిందండీ, రూట్ కెనాల్ చెయ్యాలి. నొప్పొస్తే ఎడమ చెయ్యెత్తండి" అన్నారు. మత్తిచ్చి, వేరు లోపల ఫైల్స్ అనే సన్నటి పుల్లల్లాంటి పనిముట్లతో గీకి, సిరంజితో మందు పంపి కడగసాగారు. దాన్ని ఇరిగేషన్ అంటారట. బ్లీచ్ వాసన.

సూది ఎక్కడో బిగుసుకున్నట్టనిపించింది. మరుక్షణం బుగ్గలో నిప్పు పోసినట్టయింది. చెయ్యెత్తలేదు. మైకు ముందు నిలబడ్డాక కాలు తిమ్మిరెక్కినా టేక్ అయ్యేదాకా కదలను. ఏళ్ల అలవాటు, కుర్చీలోనూ వదల్లేదు. నా కళ్లనీళ్లు చూసి ఆయనే ఆపారు. అప్పటికే మందు ఇంకొంచెం పోయింది.

ఆయన దాచలేదు. "కడిగే మందు, హైపోక్లోరైట్, వేరు కొస దాటిందండీ. సూది బిగించకుండా ఉండాల్సింది, పొరపాటు నాదే" అన్నారు. సెలైన్‌తో కడిగి, ఐస్ పెట్టించి, మందులు రాశారు. సాయంత్రానికి బుగ్గ బూరెలా పొంగింది. మర్నాడు కంటికింద నల్లగా కమిలింది. అవి తగ్గాయిగానీ పైపెదవి మొద్దుబారి ఉండిపోయింది.

ఆగలేక స్టూడియోకి వెళ్లాను. "పాపా, అమ్మ మాట వినమ్మా" అనాలి. పెదవి పక్కనుంచి గాలి పోతోంది. సౌండ్ ఇంజనీర్ యాదగిరి హెడ్‌ఫోన్ తీసి, "అక్కా, ఇయ్యాల వద్దు. జర మంచిగయినంక చేద్దాం, ఫికర్ చెయ్యకు" అన్నాడు. బయట మెట్లమీద కూర్చుంటే భయం వేసింది. నాకు ఇంకో పని రాదు.

మొదటి డాక్టరే నన్ను జూబ్లీహిల్స్‌లో రూట్ కెనాల్స్ చేసే స్పెషలిస్ట్, ఒక ఎండోడాంటిస్ట్ దగ్గరికి పంపారు. "నరం మెల్లగా కోలుకోవచ్చు. ఎప్పటికని మాత్రం చెప్పలేను" అన్నారావిడ. సగంలో ఆగిన పన్ను పీకేయమన్నాను. ఆవిడ కోప్పడలేదు, సూది తెచ్చి చూపించారు.

"రంధ్రం కొసన లేదు, పక్కనుంది చూడండి. వేరు పొడవు కొలిచి, చివరికి చేరకముందే ఆగేలా ఈ రబ్బరు స్టాపర్ పెడతాను. బిగించను, గట్టిగా ఒత్తను. మందు మానలేం, క్రిములు చచ్చేది దానితోనే."

మందు నోట్లోకి జారకుండా పన్ను చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే పల్చటి రబ్బరు తెర వేసి మొదలుపెట్టారు. ఆ రోజు ఎన్నిసార్లు చెయ్యెత్తానో. సగం ఊరికే, ఆపుతారా లేదా అని. ప్రతిసారీ ఆపారు.

పంటికి క్యాప్ పడింది. నెలలు పట్టినా పెదవి తిరిగొచ్చింది. ఏసీ ఎక్కువైతే మాత్రం ఆ మూల ఇంకా చిమచిమలాడుతుంది.

కుర్చీలో పడుకునేముందు రబ్బర్ డ్యామ్ వేస్తారా, సూది ఎక్కడ ఆపుతారు అని అడగండి. చురుక్కుమంటే ఓర్చుకోకండి, చెయ్యెత్తండి.

మొన్న స్టూడియోలో టేక్ మధ్యలో దగ్గొస్తే అక్కడా చెయ్యెత్తాను. "ఏమైందక్కా?" అని యాదగిరి కంగారుపడ్డాడు.

"ఏం కాలేదు తమ్ముడూ, మళ్లీ మొదలుపెడదాం" అన్నాను. పెదవులు చక్కగా కలిశాయి.