సగ్గుబియ్యం రోజున దొరికిన మాంసకృత్తులు

పన్నెండేళ్ల కిందట, ఎండాకాలం మొదట్లో, నన్ను నంద్యాలలోని ఒక ధాన్య పరీక్షా ప్రయోగశాలకు సీనియర్ కెమిస్టుగా వేశారు. శనగల్లో, కందుల్లో ప్రోటీన్ ఎంతుందో తేల్చడం నా పని. గింజను పొడి చేసి గాఢ గంధకామ్లంలో మరిగిస్తే అందులోని నత్రజని అమ్మోనియా లవణంగా మారుతుంది. దాన్ని కొలిచి ఆరుంపావుతో గుణిస్తే ప్రోటీన్ లెక్క వస్తుంది. శనగల మూట ఎదురు చెప్పదు కాబట్టి ఆ ఉద్యోగంలో నాకు పేచీలు ఉండేవి కావు.

ఆ ఏడే ఊళ్లోని ఒక సర్జన్ నన్నొక సాయం అడిగారు. ఆళ్లగడ్డ రైతు ఓబుళరెడ్డికి పేగుకు చిల్లు పడితే, ఆపరేషన్ చేసి చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెచ్చి సంచి అతికించారు. కొన్నాళ్లకు పేగును మళ్లీ లోపల కలపాలి. కానీ మనిషి చిక్కిపోతున్నాడు. అలాగే ఉంటే రెండో ఆపరేషన్‌కు తట్టుకోలేడు. తిన్న ప్రోటీన్ ఎంత ఒంటబడుతోందో, ఎంత సంచిలోకి పోతోందో తెలియాలి. ఆ పరీక్ష ఆస్పత్రిలో లేదు. మా అధికారి ముక్కు మూసుకుని అనుమతి ఇచ్చారు.

సంచిలో చేరింది రోజుకొకటి చొప్పున రెండు డబ్బాల్లో నింపాలి. మొదటి రోజు తిండి పప్పు, గుడ్లు, మజ్జిగ. రెండో రోజు చక్కెర, నెయ్యి వేసిన సగ్గుబియ్యం గంజి ఒక్కటే. ఓబుళరెడ్డి భార్య పుల్లమ్మ డబ్బాలను ఐసులో పెట్టి బస్సులో తెచ్చింది. లోపల ఏముందని కండక్టరు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పిందట. నంద్యాల దాకా సీటంతా ఆమెకే దొరికింది.

రెండో డబ్బా నన్ను కంగారు పెట్టింది. డాక్టరు చీటీ మీద ‘మాంసకృత్తులు లేని రోజు’ అని ఉంది. నాకేమో ప్రోటీన్ కనిపిస్తోంది. మొదటి డబ్బాలో కంటే తక్కువే, కానీ ఉంది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఉంది.

ఫలితం కవరులో పెట్టి డాక్టరుకే పంపాలన్నది నియమం. మర్నాడు ఖాళీ డబ్బాల కోసం వచ్చిన పుల్లమ్మ, “ఏమొచ్చింది సార్?” అని అడగ్గానే నా తెలివి బయటపడింది. “సగ్గుబియ్యం రోజు కూడా మాంసకృత్తులు ఉన్నాయమ్మా. ఆయన ఏదో తిన్నట్టున్నాడు” అన్నాను.

ఆమె ముఖం మాడిపోయింది. “మాంసమా? శనివారం పూటా? పేగు కలిపేదాకా శనివారం ముక్క ముట్టనని అహోబిలం సామికి మొక్కుకున్న్యాడు సార్!”

మాంసకృత్తులంటే మాంసం కాదని, పప్పులోనూ ఉంటాయని నేను వివరించే లోపే ఆమె గేటు దాటింది.

రెండు రోజుల తర్వాత సర్జన్ నేరుగా ప్రయోగశాలకు వచ్చారు. పక్కింట్లో ఉండే ఆడబిడ్డే దొంగతనంగా మాంసం కూర పెట్టిందని పుల్లమ్మ వీధిలో నిలబడి అడిగిందట. ఆడబిడ్డ మాటలు మానేసింది. ఓబుళరెడ్డి అన్నం మానేశాడు. తాను ఏదో తిన్నట్టు చెప్పిన మనిషే ఎదురుగా వచ్చి తేల్చేదాకా మెతుకు ముట్టనంటున్నాడు. అసలే చిక్కిన మనిషి. సర్జన్ కోపంతో నన్ను కారెక్కించారు. దారిలో పాఠం చెప్పారు.

అన్నం అరగడానికి పొట్ట, పేగులు రసాలు వదులుతాయి. వాటిలోని ఎంజైములు, జిగురు, పేగు గోడల నుంచి రాలే కణాలు, అన్నీ ప్రోటీనే. శరీరం అందులో చాలా భాగాన్ని మళ్లీ జీర్ణం చేసుకుని అమైనో ఆమ్లాలుగా లోపలికి తీసుకుంటుంది. కొంత మాత్రం తప్పించుకుని పోతుంది. మామూలు మనిషిలో అది పెద్దపేగుకు చేరి సూక్ష్మజీవుల పాలవుతుంది. ఓబుళరెడ్డికి సంచిలోకి వస్తోంది. తిండిది ఎంతో, ఒంటిది ఎంతో విడదీయడానికే ఆయన సగ్గుబియ్యం రోజు పెట్టారు. నేను దొంగతనం అనుకున్నదే ఆయన వెతుకుతున్న అంకె.

ఓబుళరెడ్డి వసారాలో మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. నేను క్షమాపణ చెప్పి, విన్న పాఠమంతా అప్పజెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“అంటే నా వొళ్లు నేనే తింటాండానా సార్?”

“ఒకరకంగా అంతే.”

“శనివారం అది తినొచ్చునా?” అని పుల్లమ్మ సర్జన్‌ను అడిగింది. తినొచ్చని ఆయన గంభీరంగా చెప్పారు.

ఓబుళరెడ్డి అంతటితో వదల్లేదు. “మాటలతో యాడ తేలుతాది? ఇంకో దినం గంజి తాగుతా. నువ్వు ఈడనే కూచో. నాతో పాటు నువ్వూ అదే తాగల్ల.” సర్జన్‌కూ ఇంకో రోజు కొలత పనికొస్తుంది. ముందు నాలుగు రోజులు కడుపు నిండా తినాలన్న షరతు మీద ఒప్పుకున్నారు.

ఆ రోజు తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా ఆ వసారాలో కూర్చున్నాను. గంజి ఐదుసార్లు. మధ్యాహ్నం పక్కింటి ఆడబిడ్డ గుమ్మం దగ్గరే మిరపకాయ బజ్జీలు వేసింది. నావైపు చూసి మరీ వేసింది. “ఏమప్పా, కండ్లు అట్ల పోతాండాయి?” అని ఓబుళరెడ్డి పకపకా నవ్వాడు. సంచి ఊడుతుందేమోనని పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు.

నా ఎదుటే నింపిన డబ్బాను నేనే బస్సులో తెచ్చుకున్నాను. సీటంతా నాకే దొరికింది. ఫలితం మొదటిసారికి చాలా దగ్గరగా వచ్చింది. ఆ కాగితాన్ని సర్జన్ అనుమతితో పుల్లమ్మ ఆడబిడ్డ ఇంటికి తీసుకెళ్లి, సంతకం దాకా చదివించి, తిరిగి వచ్చేటప్పుడు గిన్నెడు బజ్జీలతో వచ్చిందని విన్నాను.

తిన్న ప్రోటీన్ చాలావరకు ఒంటబడుతోందని, ఒంటిది పోతున్నంత మేరకు తిండి పెంచితే చాలని సర్జన్ తేల్చారు. మెత్తగా ఉడికించిన పప్పు, గుడ్లు పెంచారు. పేగు కలిపే ఆపరేషన్ చలికాలంలో జరిగింది. ఓబుళరెడ్డి కోలుకున్నాడు.

పరీక్ష ఎవరు అడిగారన్నది చీటీ మీద ఉంటుంది. ఎందుకు అడిగారన్నది మనమే కనుక్కోవాలి. మిగిలిన సర్వీసులో అది తెలియకుండా నేను ఏ అంకెకూ అర్థం చెప్పలేదు. అర్థం చెప్పడం నా పని కానప్పుడు, ఎవరు ఎదుట నిలబడి అడిగినా చెప్పలేదు.