చాచా చీరి చూసిన ఉల్లిగొట్టం

కోహెడలో పురుగుమందులు అమ్మే చాచా ఒకాయన ఉండేవాడు. ఏ రైతు వచ్చినా, డబ్బా అందుకునే ముందు తెగులు తగిలిన పైరును బొటనవేలి గోరుతో చీరి చూసేవాడు.

ఆ వానాకాలం మా వరికి ఉల్లికోడు తగిలింది. దోమంత ఈగ పెట్టిన గుడ్డు పురుగై లోపల చేరితే పిలక ఉల్లికాడలా గొట్టమైపోతుంది, ఇక కంకి వేయదు. భయపడి నాలుగు గొట్టాలు పీక్కుని పరుగెత్తాను.

చాచా చీరి చూశాడు. రెండింటిలో పురుగు చచ్చి ఎండిపోయి, దాని ఒంటి నిండా గోధుమరంగు గింజల్లాంటివి ఉన్నాయి.

“మందియ్యి చాచా, పొలం పోతది” అన్నాను.

“ఆగు బిడ్డా. గివి పురుగును తినే కందిరీగ పిల్లలు. ఈగ పెరిగినంక ఇవి పెరుగుతయి. మందు గొడితే ముందు గివే సస్తయి.”

గొట్టాలను సీసాలో వేసి గుడ్డ కట్టాడు. నాలుగో రోజు వెళితే, సీసాలో ఆవగింజకన్నా చిన్న నల్ల కందిరీగలు ముసిరి ఉన్నాయి. నేను మందు కొట్టలేదు. కొన్ని పిలకలు పోయాయి గానీ, తర్వాత వచ్చినవి చక్కగా కంకి వేశాయి.

కోతలయ్యాక అడిగాను. “మందు అమ్మకుంటే నీకేం లాభం చాచా?”

ఇంకెవరిదో పొలం నుంచి వచ్చిన గొట్టాలున్న కొత్త సీసా మీంచి ఆయన కళ్లు తీయలేదు.

“లాభమేందో గని బిడ్డా, ఒక్క పురుగులకెల్లి గిన్ని ఎట్ల ఎల్లినయో గదే నాకింకా సమజ్ కాలే.”